లేచిన మొద్దులు

పడిపోయిన చెట్టును లేపి నిలబెట్టడానికి తంటాలు పడే మనుషులు లోకంలో ఉంటారు. లేచి నిలబడ్డ మొద్దును మళ్లీ పడగొట్టడానికి నలుగురు మనుషులు పొద్దుటి నుంచి చెమటలు కక్కుతున్నారంటే మాత్రం, వాళ్లకు మతి తప్పిందనుకోవాలి, లేకపోతే వాళ్ల నెత్తిన పెద్ద ఆపదే వచ్చి కూర్చుందనుకోవాలి. బొల్లిగుట్ట ఊరి బయట, సడక్ పక్కన, వైశాఖం ఎండలో బక్కయ్యకు వచ్చింది ఆ రెండోదే.

"అందరొక్కసారి తొక్కున్రి. ఆఁ, ఇప్పుడు."

నలుగురూ గడ్డపారల మీద బరువేసి తొక్కారు. వేపమొద్దు ఇంత కూడా కదల్లేదు. మోకాలెత్తున, ఈ నేలలో పుట్టి ఈ నేలలో పెరిగిన దానిలా నిటారుగా నిలబడి ఉంది. దాని తల మీద గొడ్డలి గాట్లు ఇంకా ఎర్రగా, పచ్చిగా కనిపిస్తున్నాయి.

వడ్రంగం పని చేసే వడ్ల లచ్చయ్య గడ్డపార వదిలేసి నడుం పట్టుకుని కూర్చున్నాడు. "ఇగ పండుకోది బక్కయ్యా. గుంత పూడ్సిరి, మీద వాన గొట్టె. గట్టివడ్డది."

"మొన్న నిన్నడిగి లేచిందా లచ్చన్నా? నేను గొడ్డలి తీసేలోపట్నే లేచి కూసున్నది. గట్లనే పండుకుంటది. ఇంకోపాలి తొక్కుదాం."

"నువ్వు చెప్తె పండుకుంటదా?"

"మన మాట మనుషులే ఇంటలేరు, అది ఇంటదా?" అని బక్కయ్య పెళ్లాం ఈదమ్మ విసుక్కుంది. అయినా గడ్డపార మాత్రం వదల్లేదు. నాలుగో మనిషి మల్లయ్య అరచేతుల్లో ఉమ్మేసుకుని మళ్లీ సిద్ధంగా నిలబడ్డాడు. మల్లయ్య తమ్ముడు లింగయ్య, బక్కయ్య అల్లుడు ఎల్లస్వామి, ఇంకో ఇంటి నర్సింహ, ముగ్గురూ రెండు రోజులుగా పోలీసు క్యాంపులో ఉన్నారు. వాళ్లు బయటికి రావాలంటే ఈ మొద్దు పడుకోవాలి. సంగతి అంతవరకు వచ్చింది.

పది రోజుల కింద గాలిదుమారం వచ్చింది. మధ్యాహ్నం దాటాక ఆకాశం రాగిచెంబు రంగుకు తిరిగి, ఒక జాము సేపు గాలి ఊరిని పట్టి ఊపింది. గుడిసెల కప్పులు సగం లేచిపోయాయి. సడక్ పక్కన ఎప్పుడో సర్కారు నాటించిన వేపచెట్లు పన్నెండు వేళ్లతో సహా పెకలి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. అక్కడ జానెడు మట్టి కింద అంతా మొరం. వేర్లు లోతుకు దిగవు, చాపలా పరుచుకుంటాయి. చెట్టు పడ్డప్పుడు ఆ చాప మట్టితో సహా లేచి గోడలా నిలబడుతుంది.

తెల్లారి ఎవరి కప్పు వాళ్లు కప్పుకుందామనుకుంటున్నారు. డప్పు మోగింది. ఇంటికొక మనిషి గొడ్డలితో రావాలని ఊరి మీద పెత్తనం చేసే పోలీసు పటేలు హుకుం. సంఘం బలంగా ఉన్న రెండేళ్లు బొల్లిగుట్టలో వెట్టి లేదు. నిరుడు పోలీసు యాక్షన్ అయ్యాక దొర పట్నం నుంచి గడీకి తిరిగి వచ్చాడు. వెట్టి ఆయన వెనకే వచ్చింది, మళ్లీ మొదలైందని ఎవరూ చెప్పనక్కరలేకుండానే. ఊళ్లో అందరికంటే బాగా గొడ్డలి పట్టేవాడు బక్కయ్య. యాభై ఏళ్లు దాటినా అతని దెబ్బ పడ్డచోటే మళ్లీ పడుతుంది. పటేలు అతన్నే ముందు నిలబెట్టాడు.

"వేర్లకంట కొట్టు బక్కిగా. దూలాలు పొడుగు రావాలె" అన్నాడు పటేలు.

ఆ దూలాలు ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. గొడవల్లో గడీ వెనక భాగం కాలిపోయింది, కప్పు మళ్లీ వేయాలి. కల్వకుర్తి అంగట్లో మంచి వేపదూలం ఒక్కోటి ఇరవై రూపాయలు పలుకుతోంది. ఇక్కడ కొట్టినవాళ్లకు పూటకో ముంత అంబలి. కనీసం కొమ్మలన్నా వంటచెరుకుకు దొరుకుతాయనుకున్నారు. అవీ గడీ బండ్లలోనే పోయాయి.

మొదటి చెట్టును వేర్ల దగ్గర తెగగొట్టగానే జరిగింది చూసి జనం నవ్వుకున్నారు కూడా. మాను బరువు తెగిపోయేసరికి, లేచి నిలబడ్డ వేర్ల గోడ ఒక్క ఊపున వెనక్కి పోయి, ధబ్బున గుంతలో కూర్చుంది. మొద్దు నిటారుగా లేచి నిలబడింది. "పండుకున్నోడు దొర కేక ఇనంగనే లేచి నిలవడ్డట్టున్నది" అన్నాడు బక్కయ్య. పటేలు కూడా నవ్వాడు. బండి చక్రాలు దిగబడతాయని ఆడవాళ్ల చేత మొద్దుల చుట్టూ మట్టి నింపించి, చదును చేయించి తొక్కించాడు. మూడు రోజుల్లో పడమటి దిక్కున పదకొండు చెట్లూ మాయమయ్యాయి. పదకొండు మొద్దులు వరసగా నిలబడ్డాయి. ఆ మర్నాడు ఇంకో వాన పడి గొడ్డలి చెక్కలన్నీ కొట్టుకుపోయాయి. సడక్ మీద గాలివాన జాడన్నది లేకుండా పోయింది. అంత శుభ్రంగా చేశారు వెట్టిని.

క్యాంపుకు పాత పోలీసులు పోయి కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లకు గాలివాన తెలియదు, ఊరు తెలియదు, తెలుగు తెలియదు. కొత్త జమేదారుకు తెలిసింది ఒకటే. ఈ తాలూకాలో సంఘం వాళ్లు లారీలు రాకుండా సడక్ మీద చెట్లు కొట్టి పడేస్తారని. అది అబద్ధమూ కాదు. నిరుడు రజాకార్ల లారీ ఊళ్లోకి రాకుండా రెండు వేపలు కొట్టి అడ్డం వేసింది బొల్లిగుట్ట వాళ్లే. ఆ గొడ్డలీ బక్కయ్యదే. ఆ రెండు మొద్దులు కూడా ఈ పదకొండింటి పక్కనే ఉన్నాయి. పాతవీ కొత్తవీ కలిసి పదమూడు మొద్దులు జమేదారు లారీ ముందు సాక్షుల్లా నిలబడ్డాయి.

జమేదారు లారీ దిగి జనాన్ని పోగుచేయించి అడిగాడు. "కిస్‌నే కాటా?"

ఇక్కడే బక్కయ్య చేయగూడని పని చేశాడు. నైజాం అధికార్లు వచ్చినప్పుడల్లా సామాన్లు మోసినవాడు కాబట్టి ఆ మాట అతనికి అర్థమైంది. పని ఎవరు చేశారని పైవాడు అడిగితే వెట్టివాడికి ఉండే భయం ఒకటే, చేయలేదనుకుంటాడేమోనని. అందుకని ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని, కొంచెం గర్వంగా కూడా చెప్పాడు.

"హమ్ కాటే హుజూర్. సబ్ హమ్ కాటే."

జమేదారు మొహం మారిపోయింది. ఆ మార్పు ముందుగా చూసింది ఎల్లస్వామి. పెళ్లై నాలుగు నెలలు కాలేదు, నోరు ఊరుకోదు. "గాలికి వడ్డయి సారూ. పటేలు కొట్టమంటె కొట్టినం. దూలాలు గడీల ఉన్నయి, సూడున్రి" అన్నాడు.

జమేదారు పటేలు వైపు చూశాడు. పటేలు మొహం నెత్తురు చుక్క లేనట్టు అయింది. సడక్ చెట్లు సర్కారువి. గాలికే పడ్డాయంటే, మరి ఆ మాన్లు గడీలోకి ఎందుకు పోయాయన్న ప్రశ్న వస్తుంది. పటేలు చెడ్డవాడని ఎవరూ అనరు. అతను భయస్తుడు, భయస్తుడి చేతిలో అధికారం ఉండటం ఊరికి పట్టిన దరిద్రం. జమేదారుతో ఉర్దూలో గడగడా ఏదో చెప్పాడు. అందులో 'సంఘం' అన్న మాట నాలుగుసార్లు వినబడింది. జమేదారు నవ్వి ఇంకేదో అన్నాడు. పటేలు దాన్ని తెలుగు చేసి అప్పజెప్పాడు.

"గాలి గొడ్డలి వట్టుకోని వచ్చిందా అని అడుగుతున్నడు."

నెత్తి నెరిసిన బక్కయ్యను వదిలేసి వయసులో ఉన్న ముగ్గురిని లారీలో ఎక్కించుకుపోయారు.

అప్పటి నుంచి బక్కయ్య ఎక్కని గడప లేదు. క్యాంపు గేటు దగ్గర పొద్దంతా నిలబడ్డాడు. లోపలికి పోనివ్వలేదు. తాలూకా కచేరీకి పదకొండు మైళ్లు నడిచిపోతే అక్కడి గుమాస్తా అంతా విని, "మొద్దు లేచి నిలవడతదా? నీకేం నా చెవుల పువ్వు కనవడ్డదా?" అన్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్లలో చెట్టు కొట్టినవాడు ఒక్కడు లేకపోవడం బక్కయ్య ప్రాణానికి వచ్చింది. తెలిసినవాళ్ల మాటకు విలువ లేదు, విలువ ఉన్నవాళ్లకు తెలియదు. కోపం వచ్చేది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియక మొద్దు మీద చూపిస్తున్నాడు.

"తవ్వుదాం" అన్నాడు లచ్చయ్య చివరికి. "వేర్లు సూపెడితె సాలు. పడగొట్టుడెందుకు?"

అది మంచి ఉపాయమే. నలుగురూ మొద్దు చుట్టూ తవ్వడం మొదలుపెట్టారు. మొరం చేతులకు బొబ్బలు తెప్పించింది. మోచేతి లోతున మొదటి వేరు బయటపడింది. లచ్చయ్య దాన్ని చేత్తో తుడిచి చూసి, రెండు రోజుల్లో మొదటిసారి మొహం విప్పాడు. వేరు తెగలేదు, పేలింది. తెగిన మోకు కొసలా పీచులు పీచులుగా ఉంది.

"గొడ్డలి దెబ్బయితె నున్నగుంటది. ఇది గుంజితె తెగింది. గుడ్డోడు తడిమినా తెలుస్తది" అన్నాడు.

ఈదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకో రెండు తియ్యున్రి. అన్ని దిక్కుల తియ్యున్రి. ఇగ కాదనలేడు."

కాదనడానికి జమేదారు దాకా పోవలసిన అవసరం లేకపోయింది. పడమటి నుంచి దుమ్ము లేచింది. క్యాంపు లారీ, నీళ్ల పీపాలతో, నలుగురు పోలీసులతో వస్తోంది. బక్కయ్య సంతోషంగా గుంతలోంచి లేచి రెండు చేతులూ ఊపాడు. లారీ ఆగింది. పోలీసులు దిగి చూశారు. సడక్ వారన నలుగురు మనుషులు, చేతుల్లో గడ్డపారలు, మధ్యలో మోకాలి లోతు గుంత. చెట్లు కొట్టేవాళ్లు ఇంకేం చేస్తారో వాళ్లకు ముందే చెప్పి పంపారు, సడక్‌లు తవ్వుతారని.

"సడక్ ఖోద్ రహే!"

మొదటి లాఠీ మల్లయ్య భుజం మీద పడింది. బక్కయ్య పేలిన వేరును చూపిస్తూ, "హుజూర్, హవా... హవా..." అంటూనే ఉన్నాడు. గాలిని ఉర్దూలో ఏమంటారో తెలుసు. వేరును ఏమంటారో తెలియదు. అది తెలియకపోవడం వల్ల వీపు మీద రెండు దెబ్బలు తిన్నాడు. పోలీసులు గడ్డపారలన్నీ లారీలో పడేసుకుని, వాళ్ల చేతనే గుంత పూడ్పించి, గట్టిగా తొక్కించి మరీ పోయారు.

"ఏది సూపెట్టబోతె అదే తప్పయితున్నది" అన్నాడు బక్కయ్య.

సాయంత్రం పటేలు కబురు చేశాడు. చావడి అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. దెబ్బలు తిన్నారట కదా అని అడిగాడు, నిజంగానే బాధపడుతున్నట్టు.

"ఎందుకు నీకీ తిప్పలు బక్కిగా? తూర్పు దిక్కు వాగుకాడ ఒక చెట్టు అడ్డం వడి ఉన్నది గద. రేపు జమేదారు లారీ అటు దిక్కు పోవాలె. పొద్దుగాల్నే పొయ్యి దాన్ని కొట్టి పక్కకెయ్యి. ఊరోళ్లే మంచిగ పని చేసిన్రని నేను చెప్తా. నీ అల్లున్ని ఇడిపిచ్చే పూచీ నాది."

"నీ కాళ్లు మొక్కుత పటేలా. పొద్దు వొడవంగనే పోత" అన్నాడు బక్కయ్య. రెండు రోజులుగా అరిచినా వినని లోకంలో ఒక మనిషి తనంతట తాను పిలిచి మాట ఇచ్చాడు. గుడిసెకు పోతూ ఆ సంగతి ఈదమ్మకు రెండుసార్లు చెప్పాడు. కూతురు మైసమ్మ ఆ పూట కొంచెం గట్క తిన్నది.

పొద్దున వాగు దగ్గరికి ముగ్గురు పోయారు. బక్కయ్య, ఈదమ్మ, వెనకాల లచ్చయ్య. పిలవకుండానే వచ్చాడు లచ్చయ్య, చంకలో చిన్న గొడ్డలి పెట్టుకుని. పన్నెండో చెట్టు అన్నింటికంటే పెద్దది. మాను సడక్ మీద అడ్డంగా పడి ఉంది, ఉత్తరం దిక్కున వేర్ల గోడ రెండు నిలువుల ఎత్తున లేచి ఉంది. కొమ్మలు కొట్టి పక్కకు ఈడ్చేసరికి పొద్దు బారెడు ఎక్కింది.

బక్కయ్య మొదలు దగ్గరికి వచ్చాడు. ఎక్కడ గాటు పెట్టాలో చూసుకుందామని వేర్ల గోడ నీడలో ఒక నిమిషం కూర్చున్నాడు. కూర్చుని తల ఎత్తి చూశాడు. పేలిన వేర్లు, వాటిని పట్టుకుని వేలాడుతున్న మొరం, కింద నోరు తెరిచిన గుంత. నిన్నంతా నలుగురు కలిసి గడ్డపారలతో చేయలేకపోయినది ఇక్కడ తయారుగా ఉంది, ఎవరూ చేయకుండానే. దీన్ని కొట్టి పక్కన పడేయమని పటేలు చెప్పాడు. తాను కాళ్లు మొక్కి వచ్చాడు.

చెంపలు వాయించుకోవాలనిపించింది.

"లచ్చన్నా, ఇటు రా" అని పిలిచాడు. "పటేలు దీన్ని జమేదారు రాకముందే కొట్టుమన్నడు. ఎందుకంటవ్?"

లచ్చయ్య వేర్లను చూశాడు, సడక్‌ను చూశాడు. "గాలికి వడ్డదని చెప్పేటిది ఇదొక్కటే మిగిలింది గనక" అన్నాడు నెమ్మదిగా.

"మరి కొట్టక ఇడిసిపెట్టి పోదామా?"

"ఇడిసిపెడితె, ఇదొక్కటి గాలికి వడ్డది, ఆ పదకొండు మాత్రం మీరు కొట్టినయే అంటడు. మొద్దు లేచేది జమేదారు ఆని కండ్లతోటి సూడాలె. గంతే."

ఈదమ్మకు ఇదంతా నచ్చలేదు. "మీ తెలివి మండ. పటేలు మాటిచ్చిండు గద. కొట్టు, పక్కకెయ్యి, పిలగాడు ఇంటికొస్తడు. నిజం నిరూపిచ్చుడు ఎవనిక్కావాలె? నాకు అల్లుడు కావాలె."

"మాట మనకిచ్చిండే. జమేదారుకు ఏం చెప్తడో నాకు దెలుస్తదా నీకు దెలుస్తదా? మొన్న చెప్పిన మాటలతోనే గద ఆడు లోపలున్నది."

ఈదమ్మ అయినా ఊరుకోలేదు. భయపడే మనిషికి నోరు ఇంకా పెద్దదవుతుంది. తిట్టింది, ఏడ్చింది, చివరికి కొట్టిన కొమ్మలు మోపు కట్టుకుంటూ కూర్చుంది. బక్కయ్య గాటు పెట్టాడు. దెబ్బ మీద దెబ్బ, పడ్డచోటే మళ్లీ. మాను మూడొంతులు తెగింది. గాటు లోపలి నుంచి సన్నగా కిర్రుమన్న చప్పుడు మొదలైంది. వేర్ల గోడ వెనక్కి లాగుతోంది, మాను బరువు పట్టి ఆపుతోంది. ఇంక నాలుగు దెబ్బల పని. ఆపేసి, గొడ్డలి భుజాన వేసుకుని నిలబడ్డాడు. గుంతలో కాలు పెట్టొద్దని లచ్చయ్యకు చెప్పాడు.

పటేలు గుర్రం మీద ముందుగా వచ్చాడు. తెగని మానును చూసి గుర్రం దిగకుండానే అరిచాడు. "పొద్దెంతయింది? ఇంక గట్లనే ఉన్నదేందిరా? కొట్టు."

"కొడత పటేలా. జమేదారు సారు రానీ. సారు ముంగట కొడత."

"సారుకు చూపెట్టేటందుకు ఇది తమాషానా? నేను కొట్టుమంటున్న."

బక్కయ్య తల వంచుకున్నాడు. అలవాటు కొద్దీ గొడ్డలి సగం పైకి లేచింది. అక్కడే ఆగింది. ఆగినందుకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు అతనే.

"సారు ముంగటనే పటేలా" అన్నాడు మళ్లీ, ఇంకా చిన్న గొంతుతో.

పటేలు లచ్చయ్య వైపు తిరిగాడు. లచ్చయ్య తన గొడ్డలి అంచు మీద వేలు పెట్టి చూసుకుని, "నాది మొండిదైంది పటేలా. నూరాలె" అన్నాడు. గుర్రం దిగి తానే నాలుగు దెబ్బలు వేసే పని పటేలుకు తోచినట్టు లేదు. అతని వంశంలో ఎవరికీ తోచి ఉండదు.

అంతలో లారీ వచ్చింది. మానుకు పది గజాల దూరంలో ఆగింది. ముందు సీట్లోంచి జమేదారు దిగాడు. వెనక తుపాకులతో పోలీసులు. వాళ్ల మధ్యలో, నడుములకు ఒకటే తాడుతో కట్టి కూర్చోబెట్టిన ముగ్గురు మనుషులు. నర్సింహ తల గుడ్డతో కట్టి ఉంది. లింగయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎల్లస్వామి ఒక కన్ను వాచి మూసుకుపోయింది, రెండో కంటితో మామను చూశాడు.

"యాడికి తోల్కపోతున్నరు బిడ్డా?" ఈదమ్మ అరిచింది.

"నల్లగొండ జేలుకట అత్తా" అన్నాడు ఎల్లస్వామి. పక్కనున్న పోలీసు తుపాకీ మడమతో పొడిచాడు. "మూడేండ్లంటున్నరు. మైసమ్మకు చెప్పు" అన్నాడు, అయినా ఆగకుండా.

బక్కయ్య సడక్‌ను చూశాడు. నల్లగొండకు దారి ఇదే. ఈ మాను పక్కకు పోతే లారీ పోతుంది, లారీతో అల్లుడు పోతాడు. దారి తొందరగా సాపు కావాలన్నది ఇందుకు. పొద్దుటి నుంచి తన చేత్తో తాను సాపు చేస్తున్నది ఇది. పటేలు వైపు చూశాడు. పటేలు గుర్రం మెడ నిమురుతున్నాడు.

ఈదమ్మ కొమ్మల మోపు అక్కడే పడేసింది. నడిచి వచ్చి, సడక్ మధ్యలో, మాను మీద, లారీకి ఎదురుగా కూర్చుంది. పొద్దుటి నుంచీ కొట్టు కొట్టు అని ప్రాణం తీసిన మనిషి ఆమె.

జమేదారు వాచీ చూసుకున్నాడు. తెగబోతున్న మానును, గొడ్డలి పట్టుకున్న ముసలివాణ్ని చూసి, చేత్తో సైగ చేశాడు. "కాటో. జల్దీ."

కొడితే మొద్దు లేచి నిలబడుతుంది, జమేదారు కళ్లారా చూస్తాడు. చూసినా నమ్ముతాడో లేదో. నమ్మినా, ఈ ఎండలో, ఈ తొందరలో, సాపైన దారి ముందు పెట్టుకుని, కట్టేసిన మనుషుల తాడు విప్పుతాడా? బక్కయ్య జీవితంలో పైవాళ్లు ఒకసారి ఎక్కించుకున్నది మళ్లీ దించి ఇచ్చింది లేదు. చేతిలో ఉన్న నాలుగు దెబ్బలు కూడా ఇచ్చేస్తే ఇంక అతని దగ్గర మిగిలేది ఏమీ లేదు.

"కొట్టను" అన్నాడు.

గట్టిగా అనలేదు. కానీ వాగులో గాలి లేదు, అందరికీ వినబడింది.

"క్యా బోలా?" జమేదారు పటేలును అడిగాడు.

పటేలు పెదవులు తడుపుకున్నాడు. "థక్ గయా, సాబ్. బుడ్డా హై."

అలసిపోయాడట. బక్కయ్యకు ఆ మాట బాగా తెలుసు. ఎన్ని మైళ్లు సామాను మోసినా తాను ఒక్కసారి కూడా అనడానికి వీల్లేకపోయిన మాట అది. ఉర్దూలో ఇంతకాలం అతను పలికినవన్నీ అవునన్న మాటలే. కాదన్న మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"నై థకా. నై కాటూంగ" అన్నాడు జమేదారు మొహంలోకి చూసి.

జమేదారు రెండడుగులు ముందుకు వేశాడు. వెనక పోలీసులు తుపాకులు సర్దుకున్న చప్పుడైంది. లచ్చయ్య వచ్చి ఈదమ్మ పక్కన, కొంచెం ఎడంగా, మాను మీద కూర్చున్నాడు.

బక్కయ్య గొడ్డలి కొనతో వేర్ల గోడను చూపించాడు, "హవా" అన్నాడు. తర్వాత లారీలో ఉన్న ముగ్గురిని చూపించాడు. ఆ మాటకు మాత్రం వెతుక్కోనక్కర లేకపోయింది. డేరాలు, పెట్టెలు, బిందెలు నెత్తిన మోస్తున్న ఇన్నేళ్లలో ప్రతి మజిలీలో ప్రతి అధికారి బరువు దించమని తన మీద అరిచిన మాటే అది.

"ఉతారో" అన్నాడు. "పైలే ఉతారో. ఫిర్ కాటూంగ." ముందు దించితేనే మిగిలిన దెబ్బలు.

పటేలు గుర్రాన్ని నాలుగడుగులు వెనక్కి తీశాడు. గాటు లోపల కిర్రుమని, అది ఇంకొంచెం తెరుచుకుంది. వేర్ల సందుల్లోంచి మొరం గుంతలోకి రాలడం మొదలైంది. జమేదారు చెయ్యి నడుము దగ్గరున్న పిస్తోలు మీద ఉంది, చూపు మాత్రం ఆ రాలుతున్న మట్టి మీద ఉంది. బక్కయ్య గొడ్డలి ఎత్తలేదు, కింద కూడా పెట్టలేదు.